కూతురు రావద్దంటోంది, కెమెరా వదలబుద్ధి కావట్లేదు

కావలి నుంచి ఒకమ్మ రాశారు. వయసు 46, ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, మగ్గం వర్క్ చేస్తారు, భర్తకి అల్లూరు వైపు రొయ్యల చెరువులు. కూతురు హైదరాబాద్‌లో బీటెక్, అనిమే (జపాన్ కార్టూన్ సినిమాలు, సీరియళ్ళు) అంటే ప్రాణం, ఆ పాత్రల్లా డ్రెస్సులు వేసుకుని కాస్‌ప్లే చేస్తుంది. హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి, అంటే కామిక్స్, అనిమే ఇష్టపడేవాళ్ళంతా కలిసే మేళాకి, వెళ్తానంటే అంత జనంలో పిల్ల ఎట్టా ఉంటుందో అని ఈవిడ తోడెళ్ళారు, ఫోన్‌తో ఫోటోలు తీశారు, ఇక అక్కడ పట్టుకుంది సరదా. చీటీ డబ్బుల్తో కెమెరా కూడా కొన్నారు, ఇంట్లో మాత్రం సగం ధరే చెప్పారంట. ఇప్పుడు కూతురు "ఈసారి నువ్వు రావద్దు మా" అంటోంది, ఆయనేమో "ఈ వయసులో ఏంది నీకీ పిచ్చి, పెళ్ళీడు పిల్ల ఫోటోలు ఊరంతా తిప్పతా ఉండావు" అంటున్నారు. మానేయాలా అని అడిగారు.

మానేయొద్దమ్మా. అది ముందే చెప్పేస్తున్నా. మీ ఉత్తరంలో సగం పైగా ఆ డ్రెస్సుల గురించే ఉంది, ఒక పిల్ల ఫోమ్ షీట్ కోసి వేడి చేసి వంచి కవచం ఎలా చేసిందో, ఇంకో అబ్బాయి పాత పట్టుచీర అంచుతో కిమోనో ఎంత నీట్‌గా కుట్టుకున్నాడో, ఇవన్నీ మీరు రాసిన తీరు చూస్తే ఇదేదో టైంపాస్ అని నాకు అనిపించలేదు. ఇన్నేళ్ళు కుట్టిన చేతులు కాబట్టే మీకు ఆ కుట్టు కనిపిస్తోంది, వేరే ఫోటోగ్రాఫర్‌కి మొహం, పోజు కనిపిస్తాయి.

కానీ ఉత్తరం చివర్లో ఒక మాట రాసి దాటేశారు, "అమ్మాయి ఫోటోలు, వాళ్ళ ఫ్రెండ్ ఫోటోలు మా చుట్టాల గ్రూపులో పెట్టాను, ఎవరో ఏదో అన్నారు లెండి" అని. అసలు గొడవంతా అక్కడే ఉంది. మీరు ముచ్చటపడే పెట్టారు, ఒప్పుకుంటా. మీ పాప ఆ డ్రెస్ వేసుకుంది ఆ హాల్లో, దాని గురించి తెలిసినవాళ్ళ మధ్య, మీరు ఆ ఫోటో తీసుకెళ్ళి పెద్దమ్మలూ బాబాయిలూ ఉన్న గ్రూపులో పెడితే అక్కడ విగ్గు గురించి ఒకరు, కురచ గౌను గురించి ఒకరు, సంబంధాల గురించి ఇంకొకరు మాట్లాడతారు, ఆ మాటలన్నీ పడాల్సింది ఆ పిల్లే. ఆ ఫ్రెండ్ అయితే మీకు బంధువు కూడా కాదు, వాళ్ళింట్లో తెలుసో లేదో కూడా మనకు తెలీదు. మీ అమ్మాయికి మీ కెమెరా మీద కోపం లేదమ్మా, ఆ ఫోటో ఎక్కడికి పోతుందో అన్న భయం ఉంది.

కాబట్టి ముందు పాపకి ఫోన్ చేసి సారీ చెప్పండి, ఆ ఫ్రెండ్‌కి కూడా సారీ చెప్పండి, "నేను అడగకుండా పెట్టాను, ఇక పెట్టను" అంతే, "మనవాళ్ళే కదా" అని మాత్రం అనకండి. కొన్ని రోజులు దాటితే వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేయడం కూడా కుదరదు, అందుకే గ్రూపులో మీరే రాయండి, ఆ ఫోటోలు తీసేయండి, ఎవరికీ పంపకండి అని. ఇబ్బందిగా ఉంటుంది, అయినా రాయండి.

ఈ ఫోటోల పద్ధతి కూడా కాస్త తెలుసుకోండి. జపాన్‌లో టోక్యోలో కామికెట్ అనే కామిక్స్ మేళా 1975 నుంచి జరుగుతోంది, అక్కడ కాస్‌ప్లే ఫోటోలకి విడిగా చోటు ఉంటుంది, ఫోటో తీసేవాళ్ళు లైన్లో నిలబడి, అడిగి తీస్తారు. న్యూయార్క్ కామిక్ కాన్‌లో అయితే 2014 నుంచి బోర్డులే పెట్టారు, వేషం వేసుకున్నారంటే దేనికైనా ఒప్పుకున్నట్టు కాదని. మీరూ అదే చేయండి. ముందు అడగండి, పోజు వాళ్ళనే పెట్టుకోనివ్వండి, తీశాక స్క్రీన్ చూపించండి, వద్దంటే వాళ్ళ ముందే డిలీట్ చేయండి. తింటున్నప్పుడు, డ్రెస్ సర్దుకుంటున్నప్పుడు, కింద నుంచి పైకి, ఇట్టా తీయొద్దు. 18 లోపు పిల్లలైతే పక్కనున్న పెద్దవాళ్ళని అడగండి. ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. ఇంకోటి, బ్యాగులో సేఫ్టీ పిన్నులు, సూదీ దారం, డబుల్ టేప్ పెట్టుకోండి, అక్కడ కుట్లు ఊడిపోయి ఏడుపు మొహంతో నిలబడే పిల్లలు ఉంటారు, వాళ్ళకి అప్పుడు కావాల్సింది మీలాంటి మనిషే.

మీ ఆయన సంగతి. పక్క జిల్లాలో తిరుపతి గంగమ్మ జాతరకి మగవాళ్ళు చీరలు కట్టి వేషాలు వేస్తే మొక్కు అంటాం, ఎవరూ తప్పు పట్టరు, కాబట్టి ఆయన బాధ వేషం మీద కాదనుకుంటా, పిల్ల ఫోటో నలుగురి నోళ్ళలో పడిందని. ఆ మాటలో న్యాయం ఉంది, ఆ మాట ఆయనతోనే అనండి. వయసు గురించి అన్నది మాత్రం పట్టించుకోవద్దు. కెమెరా అసలు ధర కూడా చెప్పేయండి, ఆ చీటీ మీరు కుట్టి కట్టిన డబ్బే, అయినా సగం ధర చెప్పాక ఇంకేం చెప్పినా నమ్మడం కష్టం అవుతుంది.

ఇక హైదరాబాద్ కాన్. పాప రావద్దంది కదా, ఈసారికి వెళ్ళకండి, బతిమాలకండి కూడా. అది వాళ్ళ ఫ్రెండ్స్‌తో గడిపే రోజు, అమ్మ కళ్ళు లేకుండా నవ్వుకోవాలని ఉంటుంది ఆ వయసులో. మీ సరదా మీ అమ్మాయి వెంటే తిరగాల్సిన పని లేదు. 2024 నుంచి చెన్నైలో కూడా కామిక్ కాన్ పెడుతున్నారు, మీకు హైదరాబాద్ కంటే అదే దగ్గర, కావలిలో పినాకిని రైలు ఎక్కితే చాలు. మొదటిసారి ఒక్కరే అంటే భయంగా ఉంటే ఆయన్ని రమ్మనండి, చెరువుల పని ఉందంటే చెల్లెల్నో పక్కింటావిడనో తీసుకెళ్ళండి. మీరు తీసిన వాటిలో మీకు బాగా నచ్చినవి పాపకి ఒక్కదానికే పంపండి, గ్రూపులకి కాదు, "ఈ కుట్టు చూడు ఎంత బాగుందో" అని.