క్రియాన్‌కి నల్లకళ్ళద్దాలు తీసెయ్

తమ్ముడూ,

సోఫోక్లిస్ గ్రీకు నాటకం 'యాంటిగని'కి నువ్వు రాసిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మాటలు నోటికి బాగా పలుకుతున్నాయి. గొడవల్లా రాజు క్రియాన్‌తోనే. వస్తూనే నల్లకళ్ళద్దాలు, వెనక ఇద్దరు గన్‌మెన్లు. అతను నోరు విప్పకముందే జనం తీర్పు చెప్పేసుకుంటారు. ఇక గంటన్నర కూర్చుని చూసేదేముంది?

పాతికేళ్ళ కిందట నేనూ ఇదే పని చేశాను, మిలిటరీ యూనిఫాం వేయించి మరీ. ఆట అయ్యాక లైట్లు చూసుకునే కుర్రాడు, "ఆయన చెడ్డోడని ముందే తెలిసిపోయింది కద సార్, ఇంక టెన్షనేముంది" అన్నాడు.

ఒకసారి క్రియాన్ వైపు నుంచి చూడు. యాంటిగని తోడబుట్టిన పాలినీసెస్ పరాయి సైన్యాన్ని వెంటేసుకుని సొంత ఊరు థీబ్స్ మీదికొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. శత్రువులు రాత్రికి రాత్రి పారిపోయారు. తెల్లారేసరికి గద్దె మీద వాళ్ళ మేనమామ క్రియాన్. ఊరు తగలబెట్టడానికొచ్చినవాడికీ, కాపాడబోయి చచ్చినవాడికీ ఒకే మర్యాద ఎలా చేస్తాం, పాలినీసెస్ శవాన్ని పాతిపెట్టొద్దంటాడు. క్రీ.పూ. 441 ప్రాంతంలో సోఫోక్లిస్ ఈ నాటకం ఆడించిన ఏథెన్స్‌లో, ద్రోహుల్ని తమ నేలలో పాతిపెట్టనివ్వని చట్టమే ఉండేది. కాబట్టి ఆ మాట వాళ్ళకి మరీ వింతగా తోచి ఉండదు. మన ప్రేక్షకుడు కూడా ఒక్క నిమిషం "నిజమే కదా" అనుకోవాలి. తర్వాత ఆ శవాన్ని కుక్కలూ గద్దలూ ఏం చేశాయో చెప్పు. తలూపినందుకు తనకే సిగ్గేస్తుంది.

దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపం జైల్లో ఖైదీలు ఈ నాటకం వేసుకున్నప్పుడు నెల్సన్ మండేలా కట్టింది క్రియాన్ వేషమే. జైల్లో ఉన్న మనిషి ఆ గద్దె మీద కూర్చుని చూశాడు!

ఇంకోటి. నీ యాంటిగని అతన్ని "మహారాజా" అంటోంది. తల్లి తమ్ముడో అన్నో అవుతాడు, అతని కొడుకు హీమన్‌తో పెళ్ళి కుదిరింది. మనవాళ్ళకి ఈ వరస విడమర్చి చెప్పక్కర్లేదు. "మావయ్యా" అనిపించు, సీన్ దానంతటదే వేడెక్కుతుంది.

కోరస్‌ని, అదే గుంపుగా పాడుతూ మాట్లాడే బృందాన్ని, న్యూస్ యాంకర్లుగా మార్చావు, వద్దు. వాళ్ళు ఊరి పెద్దలు, రాజు ముందు నసుగుతారు. పదిహేను మంది అక్కర్లేదు, నలుగురు చాలు.

చివర్లో క్రియాన్ భార్య యూరిడిసికి పేజీన్నర ఏడుపు రాశావు. మూలంలో ఆ తల్లి కొడుకు హీమన్ చావు కబురు వింటుంది, ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతుంది. ఆ పేజీన్నర కొట్టెయ్. ఆవిడ గుమ్మం దాటేదాకా లైటు తగ్గించకు, మ్యూజిక్ కూడా వద్దు.