అల్లుడూ, మూడు చక్రాల బండికి బయానా ఇచ్చే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కు మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. బండి బాగుంది, కాదనను. క్యాన్-యామ్ స్పైడర్ ఆర్‌టీ, 2015 మోడల్, ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, సామానుకు పెట్టెలు, వెనక కూర్చునేవాళ్లకు నడుం ఆనించుకునే సీటు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవాడికి సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టే పని లేని బండి కనబడితే మనసు లాగకుండా ఎలా ఉంటుంది? కోడలు కూడా సరే అందని రాశావు. అదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం.

ఫోన్లో చెబితే రేటు దగ్గరే ఇద్దరం ఆగిపోతాం, అందుకే రాస్తున్నాను. అమ్మేవాడు 20 లక్షలంటున్నాడు, నువ్వు 18కి తెగ్గొట్టగలనంటున్నావు. సికింద్రాబాద్‌లో షెడ్డు నడిపినన్నాళ్లూ ఖరీదైన బండ్లు కొన్నవాళ్లను చాలామందిని చూశాను. కొన్న రేటు గురించి బాధపడినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. బండి కదలకుండా నిలబడిపోయిన నెలల గురించే అందరి ఏడుపూ.

ఇలాంటి బండే ఒకటి మా షెడ్డుకు వచ్చింది. సెల్లార్లో పెట్టి ఉంచితే ఎలుకలు ముందు చక్రం దగ్గర, చక్రం స్పీడు కొలిచే సెన్సరు వైరు కొరికేశాయి. వేలెడంత ముక్క. మన బుల్లెట్టయితే వైరు అతికించి, టేపు చుట్టి, టీ తాగేలోపు పంపేసేవాణ్ని. ఈ బండిలో ఆ సెన్సరు ఒక్క బ్రేకుకే కాదు, బండి పల్టీ కొట్టకుండా చూసే కంప్యూటరుకూ కావాలి. ఆ లెక్క అందకపోతే మీటరు బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది, ఇంజను బలం తగ్గించుకుని కూర్చుంటుంది. వైరు అతికించినా దీపం ఆరలేదు. సెన్సరు విదేశం నుంచి తెప్పించాల్సి వచ్చింది. సామాను ఖరీదు కన్నా కొరియరూ కస్టమ్సూ కలిపి ఎక్కువయ్యాయి. వచ్చాక బండి కంప్యూటరులో పడిన తప్పు కోడు తుడిచే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాణ్ని వెతకడానికి మళ్లీ కొన్నాళ్లు. ఆ పెద్దమనిషి ఆదివారం ఆదివారం వచ్చి బండి తుడుచుకుని, ఇంజను ఒకసారి స్టార్ట్ చేసి విని, ఆటోలో ఇంటికి వెళ్లేవాడు.

అందుకే నీ హిసాబులో మొదటి పద్దు పెట్రోలు కాదు. పెట్రోలు సంగతి తేలిగ్గా తేలిపోతుంది. 1330 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, బండి బరువే నాలుగున్నర క్వింటాళ్ల పైన. లీటరుకు 14 కిలోమీటర్లు వేసుకో, లీటరు 107 రూపాయలనుకుంటే కిలోమీటరుకు ఏడున్నర పైచిలుకు. ఇప్పుడు అసలు లెక్క చూడు. 20 లక్షలు బ్యాంకులో వేస్తే ఆరున్నర శాతం చొప్పున ఏడాదికి 1,30,000 వస్తుంది, అది పోయింది. ఏడాదికి రెండు లక్షలు విలువ పడిపోతుందని వేసుకో. ఇలాంటి బండికి మళ్లీ కొనేవాడు దొరకడమే కష్టం కాబట్టి ఇది ఎక్కువేమీ కాదు. రెండూ కలిపి 3,30,000. ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగితే, టైరు, ఆయిలు, ఇన్సూరెన్సు ఏదీ కలపకుండానే కిలోమీటరుకు 82 రూపాయలు. అదే 10,000 తిరిగితే 33. కాబట్టి నువ్వు ఎంత తిరుగుతావన్నదే ప్రశ్న. ఎంత తిరగాలని ఉందో నన్ను నమ్మించకు. ఇప్పుడున్న నీ హిమాలయన్ బైకు మీటరు చూసి, కొన్న ఏళ్లతో భాగించి, ఆ అంకె చెప్పు.

ఇక టైర్లు. వెనకది 225/50 ఆర్15, ముందువి 165/55 ఆర్15. చూస్తే కారు టైర్లలాగే ఉంటాయి గానీ ఈ బండి కోసం మెత్తగా చేసినవి. వెనక చక్రం ఒక్కటే ఇంజను లాగుడంతా, మీ ఇద్దరి బరువూ, పెట్టెలూ మోస్తుంది కాబట్టి నడుమ పట్టీ ముందు అరిగిపోతుంది. పక్కన గాడి నిండుగా కనిపిస్తోందని మోసపోకు. పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లకు మించి ఆశ పెట్టుకోకు, మన తారు ఎండలో ఇంకా తక్కువే అనుకో. అమెరికాలో చాలామంది వెనక మామూలు కారు టైరే ఎక్కిస్తారు, ఎక్కువ కాలం వస్తుందని. కంపెనీ ఒప్పుకోదు. సైజు తేడా పడితే స్పీడు లెక్కా మారుతుంది. నేనైతే కొనే ముందే ఒక వెనక టైరుకు ఇంటిదాకా ఎంత పడుతుందో రేటు తెప్పించుకుని, దాన్ని బేరంలో పెడతాను. టైరు గోడ మీద అచ్చువేసిన నాలుగంకెలు చూడు: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2015 బండికి 15తో ముగిసే టైరుంటే, గాడి ఎంతున్నా అది రాయితో సమానం. మూడూ మార్చాల్సిందే.

ఆయిలు సంగతి అంత భయపెట్టదు. ఈ ఇంజనుకు 15,000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికోసారి మార్చమంటారు. ఇంజనుకూ గేరుబాక్సుకూ ఒకటే ఆయిలు, అందులోనే క్లచ్చు తడుస్తుంటుంది. కాబట్టి కారులో పోసే ఆయిలు మిగిలిందని మీ మిస్త్రీ పోస్తానంటే చెయ్యి పట్టుకో. నువ్వు చూసింది బటన్లతో గేరు మారే రకం కాబట్టి దానికి రెండు ఫిల్టర్లుంటాయి. రెండోది చాలామంది వదిలేస్తారు. చైను లేదు, బెల్టు. బెల్టు చాలాకాలం వస్తుంది గానీ లైను తప్పితే అంచు తినేస్తుంది, ఒంగి కళ్లతో చూడు. ముందు భాగమంతా కారు పనే: బాల్ జాయింట్లు, బుష్షులు, అలైన్‌మెంటు. కారు అలైన్‌మెంటు షాపువాడు స్టీరింగ్ ఏదని వెతుకుతాడు. హ్యాండిలు నిటారుగా బిగించి లేజరుతో రెండు చక్రాలూ చూసేవాడు కావాలి. అలాంటివాడు లేకపోతే హైవే మీద బండి ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది, నువ్వు రోడ్డును తిట్టుకుంటూ ఉంటావు.

పెట్రోల్లో ఇంకో చిక్కుంది. ఈ బండి కాగితాల్లో ఇథనాల్ పది శాతం దాటొద్దని ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు పోసేది ఇరవై శాతం కలిపింది. రోజూ తిరిగే బండికి వెంటనే ఏమీ కాకపోవచ్చు, నెలలు నిలబెట్టే బండికి పైపులు, రబ్బర్లు, పంపు మీద కన్నేసి ఉంచాలి. బ్యాటరీ కూడా అంతే. ఇన్ని కంప్యూటర్లున్న బండి నిలబడే కొద్దీ బ్యాటరీ తాగుతుంది. వోల్టేజి కాస్త పడితే చాలు, లేని తప్పులన్నీ బోర్డు మీద చూపిస్తుంది. సెల్లార్లో దాని పక్కన చార్జరు పెట్టుకునే ప్లగ్గు ఉందా?

సెల్లారంటే గుర్తొచ్చింది. బండి వెడల్పు ఐదడుగులు. మీ అపార్టుమెంట్లో స్కూటర్లు పెట్టే గీతల్లో పట్టదు. ఉన్న ఒక్క కారు స్లాటూ కోడలు కారుకు పోతే రెండో స్లాటు కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి. అది బండి ఖర్చు కాదా మరి? ఆ ఐదడుగులే రోడ్డు మీద కూడా పనిచేస్తాయి. మోటారు సైకిలంటే సందులోంచి దూరి ముందుకెళ్లడం మనకు అలవాటు. ఇది కారులాగా వరసలో నిలబడాలి, కారులో ఉండే ఏసీ మాత్రం ఉండదు. ఏప్రిల్లో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర రేడియేటరు ఫ్యాన్ ఊదే వేడి నీ కాళ్లకే తగులుతుంది, ఆ కొత్త మోకాలికి కాపడం పెట్టినట్టుంటుంది.

గుంతల దగ్గర తేడా తెలుస్తుంది. రెండు చక్రాల బండయితే పక్క నుంచి తప్పిస్తాం. కారయితే గుంతను నడుమ పెట్టుకుని దాటిస్తాం. దీనికి మూడు దారులు: కుడి, ఎడమ, మధ్య. ఎలా తిప్పినా ఏదో ఒక చక్రం అందులో పడుతుంది. కింద ఎత్తు కూడా తక్కువ, మన కాలనీల్లో ఎవరికి తోచిన సైజులో వాళ్లు పోసుకున్న స్పీడు బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించాల్సి వస్తుంది. సాఫీ రోడ్డు కావాలంటే మనకున్నది 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు. దాని మీదికి రెండు చక్రాలవాటినీ, మూడు చక్రాలవాటినీ రానివ్వరు. ఇది తెలిసి నేను గట్టిగా నవ్వితే మీ అత్త వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది.

ఊరు దాటాక మాత్రం బండి సుఖమే, దాని గుణం దాచిపెట్టను. వరంగల్ హైవే మీద ఇద్దరూ నడుము నొప్పి లేకుండా వెళ్లొస్తారు. రివర్సు గేరుంది, క్లచ్చు లేదు, కాలు దించక్కర్లేదు. ఒకటే అలవాటు మార్చుకోవాలి: ఇది వంగదు. బుల్లెట్టు మీద మలుపులో ఒళ్లు లోపలికి వాలుతుంది, ఇక్కడ ఒళ్లు బయటికి తోస్తుంది, హ్యాండిలు బలంగా తిప్పాలి. శ్రీశైలం ఘాట్‌లో నీ భుజాలకూ, వెనక కోడలికీ అది బాగా తెలుస్తుంది. రెండోది, హ్యాండిలు మీద బ్రేకు లివరే లేదు. మూడు చక్రాలకూ కలిపి కుడి కాలి కింద ఒక్కటే పెడలు. కుక్క అడ్డం వస్తే నీ కుడి చెయ్యి లేని లివరు కోసం వెతుకుతుంది. నీకు ఆపరేషన్ అయింది ఎడమ మోకాలికి కాబట్టి సరిపోయింది, కుడిదైతే ఈ ఉత్తరం నాలుగు లైన్లలో ముగించేవాణ్ని.

కాగితాల దగ్గర నీ బేరం తెగినా తెగొచ్చు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు సైకిలంటే రెండు చక్రాలది. విడదీయగల సైడ్‌కారు చక్రం దానికి కలుస్తుంది. పుట్టుకతోనే మూడు చక్రాలున్నది ఆ మాటలో ఇమడదు. కాబట్టి దీని ఆర్‌సీలో ఏ తరగతి అని రాశారో ముందు చూడు, నీ లైసెన్సు దానికి చెల్లుతుందా అని ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో అడుగు. చెల్లకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాడికి అదొక్కటి చాలు. బండి ఇంకో రాష్ట్రం నంబరు మీద ఉంది కాబట్టి ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు మళ్లీ నీ నెత్తిన పడతాయి. అది 20 లక్షల్లో కలిసి లేదు. కస్టమ్స్ కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ అసలు కాగితం అడుగు, దాని మీది చాసిస్ నంబరూ బండి మీదిదీ అంకె అంకె సరిపోవాలి. జిరాక్సుంది, అసలు మా అన్న దగ్గరుందంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. సుంకం ఎగ్గొట్టి తెచ్చిన బండి ఎన్ని చేతులు మారినా చివరికి పట్టుకెళ్లేది ఎవరి దగ్గరుంటే వాళ్ల దగ్గర్నుంచే.

నువ్వు రెండో ఫోటోలో పంపిన హోండా గోల్డ్ వింగ్ మాట అసలు ఎత్తకు. అది రెండు చక్రాల బండికి కిట్టు బిగించి వెనక మూడో చక్రం చేర్చింది. కంపెనీ లెక్కకు మించి బండి రూపం మార్చకూడదని చట్టంలో 52వ సెక్షను చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. చవగ్గా వస్తోందంటే కారణం అదే.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఐడీవీ, అంటే బండికి వాళ్లు కట్టే విలువ, ఎంత రాస్తారో, ముందు ప్లాస్టిక్ భాగాలకు తరుగు కట్ చేస్తారో లేదో రాయించుకో. నిలబెట్టినప్పుడు పక్కకు ఒరిగి పడదు గానీ, ముందు చక్రాల రెక్కలు ఆటోవాడి బంపరుకు సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి.

నా మాట ఇది. మీటరు అంకె ఏడాదికి ఎనిమిది వేలు దాటితే, కారు స్లాటు ఉంటే, కాగితాలు శుభ్రంగా ఉంటే కొనుక్కో, నీ మోకాలికి ఇంతకన్నా తగిన టూరింగ్ బండి నాకూ తోచడం లేదు. కానీ 20కి కాదు, 18కీ కాదు. 14 దగ్గర ఆగు. మిగిలిన ఆరు వేరే ఖాతాలో వేసి, టైర్లు, బ్యాటరీ, ట్యాక్సు, తెప్పించే సామాను మీది కస్టమ్స్ అన్నీ దాంట్లోంచే పెట్టు. ఆరూ అయిపోయిన రోజున బండి అమ్మకానికి పెట్టేస్తానని కోడలికి మాటివ్వు, నాకు కాదు. మీటరు అంకె నాలుగు వేలలోపే ఉంటే మాత్రం ఊరుకో. వేసవిలో పాప దగ్గరికి అమెరికా వెళ్తున్నారుగా, అక్కడ ఇలాంటివి రోజు అద్దెకిస్తారు. ఇద్దరూ కడుపునిండా తిరిగి, తాళం వాళ్లకిచ్చేసి రండి.

శనివారం పొద్దున చూడ్డానికి నేనూ వస్తాను. మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ఇవాళే చెప్పు. ఇంజను చల్లగా ఉండగా నేనే తాళం తిప్పాలి. వెళ్లేసరికి సైలెన్సరు వెచ్చగా తగిలిందంటే అక్కడ టీ కూడా తాగకుండా వచ్చేద్దాం. పాత టార్చి తెస్తాను, బెల్టు కింద చూడ్డానికి నువ్వొక గోనెపట్టా తీసుకురా.

మీ మామ