ఇరవై రోజులు ముందు ఈని ఉంటే

"జన్యువులు సవరించి వరి త్వరగా పూసేలా చేయడం రైతుకు నిజంగా అవసరమా?" అని ఒకరు అడిగారు. అవసరమే. 2023 డిసెంబరులో మా చేను చూసినవాళ్లెవరూ ఈ ప్రశ్న అడగరు.

మాది బాపట్ల దగ్గర పల్లె. వేసేది బీపీటీ 5204, అదే సాంబ మసూరి. 1986లో విడుదలైన మా బాపట్ల రకమే. అన్నానికి దానికి సాటి లేదు గానీ, కోతకొచ్చేసరికి 145 రోజులు దాటుతుంది. ఆ ఏడు జులై రెండో వారంలో నారు పోశాం. డిసెంబరు మొదట్లో కోసి పనలు ఆరబెట్టామో లేదో, 5న మిచాంగ్ తుపాను మా తీరం దగ్గరే దాటింది. ఐదో రోజు చేలోకి దిగితే ఇంకా పిక్కల్లోతు నీళ్లు. నాన్న ఒక పన ఎత్తి తిరగేశారు. అడుగు కంకులన్నిటికీ తెల్లగా గోరంత మొలకలు. ఏమీ అనకుండా దాన్ని మళ్లీ నీళ్లలోనే పెట్టేశారు. ఆ గడ్డి గేదెలు కూడా ముట్టలేదు.

మిగిలిన కాసిని ధాన్యం అమ్మడానికి తీసుకెళ్తే తేమ పదిహేడు శాతం దాటిందని బస్తాకింత అని కోత పెట్టారు. ఊరు మునిగినా ఆ తేమ మిషను మాత్రం మునగదు.

వరి ఈనాక, అంటే కంకి బయటికొచ్చాక, ఏ రకానికైనా గింజ ముదరడానికి ఇంచుమించు నెల పడుతుంది. తేడా అంతా ఈనిక ముందే. అందుకే 2025 మేలో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ల 'కమల' అనే వరి రకం గురించి చదివి ఎగిరి గంతేశాను. మన సాంబలోనే ఒక జన్యువును సవరించారు. గురిపెట్టింది గింజల సంఖ్య పెంచడం మీద, కలిసొచ్చింది ఇరవై రోజులు ముందే కోతకు రావడం. బయటి జన్యువేదీ చొప్పించలేదు. అయినా టీవీ చర్చల్లో దీన్నీ, బయటి జన్యువు చొప్పించిన బీటీ పత్తినీ ఒకే గాటన కట్టేస్తారు!

నాన్నకు చెబితే, "అక్టోబరు వానల్లో ఈనితే పూత ఏమవుతుందిరా?" అన్నారు. కాదనలేను. వరి పూలు విచ్చుకునేది పొద్దున పదికీ మధ్యాహ్నానికీ మధ్య. అప్పుడు వాన పట్టుకుంటే గింజ కట్టక అంతా తాలే. అయినా తాలు పోగా ఎంతో కొంత ఇంటికొస్తుంది కదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అన్నం ఎలా ఉంటుందో ముందది కనుక్కో" అన్నారు.