జల్లులు పడే ఉదయం లాంగ్‌డేల్ పైక్స్ ఎక్కొచ్చా?

శనివారం పొద్దున షవర్స్ అని చూపిస్తోంది, ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని లాంగ్‌డేల్ పైక్స్ కొండల ప్లాన్ మానుకోవాలా, అక్కడి జాక్స్ రేక్ అనే రాతిదారి కూడా ఎక్కుదామనుకున్నాం కుదురుతుందా అని అడిగారు. వెళ్లండి. జాక్స్ రేక్ మాత్రం ఈసారికి వదిలేయండి.

మేం లీడ్స్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్‌కి తరచూ వెళ్తుంటాం, ఈ కొండలు ఎండలోనూ వానలోనూ ఎక్కాం. జల్లులంటే రోజంతా పట్టే ముసురు కాదు. కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) దాటిపోయాక ఐరిష్ సముద్రం మీదుగా మబ్బులు విడివిడిగా వస్తాయి, కాసేపు గట్టిగా కురిసి పోతాయి, మధ్యలో గాలి ఎంత శుభ్రంగా ఉంటుందంటే మామూలు ఎండరోజున మసకగా ఉండే దూరపు కొండలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నాకు అలాంటి పొద్దులే ఎక్కువ ఇష్టం.

భయపడాల్సింది వానకి కాదు, తడి రాయికి. ఇక్కడివన్నీ పాత అగ్నిపర్వతాల రాళ్లు, పొడిగా ఉంటే బూటు బాగా పట్టుకుంటుంది, తడిసి పైన నాచు ఉంటే మాత్రం పట్టు ఉండదు. జాక్స్ రేక్ అనేది పేవీ ఆర్క్ కొండగోడ మీద ఏటవాలుగా పైకి పోయే గాడి, గ్రేడ్ 1 స్క్రాంబుల్, అంటే చేతులు కూడా వాడి ఎక్కే దారుల్లో తేలిక రకం. వాన పడితే నీళ్లు ఆ గాడిలోంచే కిందికి వస్తాయి. అక్కడ పడి చనిపోయినవాళ్లున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

దాని బదులు న్యూ డంజన్ గిల్ హోటల్ దగ్గర కారు పెట్టి (కారు లేకపోతే యాంబుల్‌సైడ్ నుంచి 516 బస్సు ఉంది) స్టికిల్ గిల్ వాగు పక్క రాతిమెట్ల దారిలో స్టికిల్ టార్న్ అనే చెరువు దాకా ఎక్కండి. సుమారు గంట పడుతుంది. పైకి వెళ్లాలా వద్దా అనే నిర్ణయం ఇంట్లో ఫోన్ చూసి కాదు, ఆ చెరువు గట్టు మీద నిలబడి తీసుకోండి. నీళ్లకి అవతల పేవీ ఆర్క్ గోడ పైఅంచు దాకా కనిపిస్తూ, జల్లుల మధ్య తెరిపి ఇస్తుంటే ముందుకెళ్లొచ్చు. మబ్బు గోడని మింగేసి కదలకుండా కూర్చుంటే చెరువు చుట్టూ తిరిగి దిగిపోండి, అదీ మంచి నడకే.

ముందుకెళ్తే కుడివైపు బ్రైట్ బెక్ వాగు వెంట పోయి నార్త్ రేక్ మీదుగా పేవీ ఆర్క్ (700 మీటర్లు), అక్కడి నుంచి బండల మీదుగా హారిసన్ స్టికిల్ (736, వీటన్నిటిలో ఎత్తైనది). అది దిగాక హారిసన్ కూమ్ అనే చిత్తడి పల్లం వస్తుంది, జాగ్రత్త అక్కడే కావాలి, ఎందుకంటే అడ్డదిడ్డంగా చాలా దారులుంటాయి, మబ్బులో తప్పు దారి పడితే దక్షిణం వైపు నేరుగా కొండ అంచుకి చేరతారు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్‌తో పాటు కాగితం మ్యాప్, దిక్సూచి కూడా ఉండాలి, తడి వేళ్లకి టచ్‌స్క్రీన్ సరిగా పనిచేయదు.

ఆ పల్లం దాటాక పైక్ ఆఫ్ స్టికిల్ (709) కొసన చేతులు కూడా వాడి ఎక్కాలి, రాయి బాగా తడిగా ఉంటే కింద ఆగిపోయినా నష్టం లేదు. దాని దక్షిణపు వాలులోనే కొత్తరాతియుగం మనుషులు గొడ్డళ్ల కోసం రాయి తవ్వారు, ఆ గొడ్డళ్లు బ్రిటన్, ఐర్లండ్ అంతటా దొరికాయి. ఆ ఏటవాలులో ఆరువేల ఏళ్ల కిందట మనుషులు కూర్చుని రాయి చెక్కారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ రాతిముక్కల వాలులోంచి మాత్రం దిగొద్దు, రాళ్లు జారిపోతాయి, ఆ చోటూ పాడవుతుంది. లాఫ్ట్ క్రాగ్ (680) చూసుకుని మార్క్ గేట్ దారిలో దిగండి. మొత్తం ఐదారు గంటలు పెట్టుకోండి.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, పైన గాలికి చలి పట్టేస్తుంది. రెయిన్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, లోతైన గ్రిప్ ఉన్న బూట్లు, ఒక పొడి స్వెటర్ కవర్లో చుట్టి. తిండికి పులిహోర డబ్బా కంటే చపాతీ రోల్స్ మేలు, ఆ గాలిలో గ్లవ్స్ తీయకుండా తినొచ్చు. ఏదైనా జరిగితే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి, వాళ్లు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి 999కి రిజిస్టర్ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టి ఎస్సెమ్మెస్ సర్వీస్‌లో ముందే చేరిపోండి, కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది.