బరాత్ స్టెప్పులు ఓడలో పనికొస్తాయా?

క్రూజ్ ఓడల మీద కీబోర్డ్ వాయించిన రోజుల గురించి పోయిన నెల ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. సగం మంది జీతమెంత అని అడిగారు, అది మాత్రం చెప్పను. మిగతావాటిలోంచి నాలుగు ప్రశ్నలు ఇవి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. మా అబ్బాయి ముంబై నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణం బుక్ చేశాడు. నాకు బతుకమ్మ, కోలాటం తప్ప ఏ ఆటా రాదు. మావారైతే సొంత తమ్ముడి బరాత్‌లో కూడా అడుగు కదపలేదు. రాత్రి అందరూ డాన్స్ చేస్తుంటే మేము మూలన కూర్చుంటే బాగుంటుందా సార్?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: కూర్చోండి అక్కా, ఎవరూ ఏమీ అనరు. కానీ కోలాటం వచ్చిన మనిషి మూలన కూర్చుంటానంటే నాకే మనసొప్పడం లేదు.

ముంబై నుంచి అంటున్నారు కాబట్టి బహుశా ఎంప్రెస్ ఓడ అయ్యుంటుంది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో విదేశాల్లో మొదలైన ఓడ అది, 2021 నుంచి కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్లు మన తీరంలో నడుపుతున్నారు. ఎక్కేది ఎక్కువగా మనవాళ్లే, అందుకే పాటలూ మనవే, హిందీ, పంజాబీ బాగా నడుస్తాయి. వాల్ట్జ్ లాంటి విదేశీ జంట డాన్సులు రావే అని టెన్షన్ పడక్కర్లేదు.

ఓడలో డాన్స్ రెండు రకాలు. థియేటర్లో కుర్చీలో కూర్చుని చూసేది ఒకటి, లాంజ్‌లోనో పైన ఈతకొలను పక్కనో మనమే దిగి చేసేది ఇంకొకటి. ఈ రెండోదాంట్లో బ్యాండ్ వాడి కళ్లు ఎప్పుడూ ఫ్లోర్ మీదే ఉంటాయి. బరాత్‌లో డప్పు కొట్టేవాళ్లు పెళ్లికొడుకు దోస్తుల కాళ్లు చూసి దెబ్బ మారుస్తారు కదా, అచ్చం అదే పని. జనం లేవలేదంటే పాటను రెండో చరణానికి ముందే తెంచేసి ఇంకోటి ఎత్తుకునేవాళ్లం. మొదటి రెండు పాటలకు ఎవరూ లేవరు, అందరూ గ్లాసు పట్టుకుని పక్కవాళ్లను చూస్తుంటారు, ఇంతలో ఎక్కడినుంచో ఓ అరవై దాటిన జంట మెల్లగా దిగుతుంది, ఇంక చూడండి, ఆ పాట అయ్యేలోపు కాలు పెట్టడానికి చోటుండదు. నేను చూసినంతలో ఫ్లోర్ తెరిచేది కుర్రాళ్లు కాదు, మీ ఈడువాళ్లే.

పగలు డాన్స్ నేర్పే క్లాసులు ఉంటే తప్పకుండా వెళ్లండి. ఏ గంటకు ఎక్కడ ఏముందో రోజువారీ ప్రోగ్రాంలో ఉంటుంది, కాగితం మీదో ఫోన్‌లోనో ఇస్తారు. లైన్ డాన్స్ అని ఒకటి నేర్పుతారు, జంట అవసరం లేదు, అందరూ వరసల్లో ఒకే వైపు చూస్తూ ఒకే అడుగులు వేస్తారు, చాలావాటికి 32 లెక్కలు, అవి అయిపోగానే ఇంకో గోడ వైపు తిరిగి మళ్లీ మొదటినుంచి. కోలాటంలో చేతికి కర్రలుండగా పక్కవాళ్లతో లెక్క తప్పకుండా తిరిగినవాళ్లకు ఇది పావుగంట పని. సంగీతం, డాన్స్, మామూలు క్లాసులు సాధారణంగా టికెట్‌లోనే కలిసి ఉంటాయి, మందు లాంటివాటికి వేరే బిల్లు.

ఇక మీవారు. సైలెంట్ డిస్కో ఉంటే ఆయన్ని అక్కడికి తీసుకెళ్లండి. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు, ఎవరి పాట వాళ్లది. హెడ్‌ఫోన్ తీసి చూస్తే గదంతా చప్పుడు లేకుండా ఎగురుతుంటుంది, మధ్యలో ఎవరో శ్రుతి లేకుండా గట్టిగా పాడేస్తుంటారు. ఆయన డాన్స్ చేస్తారని హామీ ఇవ్వను, నవ్వుతారని మాత్రం ఇస్తాను.

ప్రశ్న: అన్నా, నేను నల్లగొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు కీబోర్డ్ వాయిస్తాను. కాగితం మీద స్వరాలు రాసే నోటేషన్ చదవడం రాదు కానీ ఏ పాటైనా వింటే పట్టేస్తా. హైదరాబాద్‌లో ఒకాయన ఓడలో ఉద్యోగం ఇప్పిస్తా, 80 వేలు కట్టు అంటున్నాడు. కట్టాలా?
- ఒక తమ్ముడు, నకిరేకల్

జవాబు: కట్టకు. ఓడ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్‌కు మన దేశంలో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్నవాడైనా ఉద్యోగం ఇప్పించినందుకు నీ దగ్గర డబ్బు తీసుకోకూడదు, 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ఆ సంగతి తేల్చి చెప్పింది. పాస్‌పోర్టు, మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ (ఓడ సిబ్బందికిచ్చే గుర్తింపు పుస్తకం) లాంటివాటి ఖర్చు నీదే కావచ్చు, అంతవరకే. నేనూ మొదట్లో ఇలాగే ఒకాయనకు 40 వేలు సమర్పించుకున్నాను, ఆఫీసు బోర్డుతో సహా మాయమయ్యాడు.

ఏజెంట్లతో వాయిద్యగాళ్ల కష్టం ఇప్పటిది కాదులే. 1912లో టైటానిక్‌లో వాయించిన ఎనిమిది మందీ ఓడ కంపెనీ ఉద్యోగులు కారు, లివర్‌పూల్‌లోని ఒక ఏజెన్సీ పంపిన మనుషులు. ఎనిమిది మందీ పోయారు. వాళ్లలో 21 ఏళ్ల వయొలిన్ కుర్రాడి తండ్రికి ఆ ఏజెన్సీ యూనిఫాం బాకీ కట్టమని బిల్లు పంపింది. అందుకే సంతకం పెట్టేముందు నీ కాంట్రాక్ట్ ఎవరితోనో చూసుకో, ఓడ కంపెనీతోనా, మధ్యవాడితోనా.

ఇప్పుడు అసలు పని. చెవితో పట్టేవాళ్లకు పార్టీ బ్యాండ్‌లో చోటుంటుంది, కానీ షో బ్యాండ్‌కు నోటేషన్ చూసి అక్కడికక్కడే వాయించడం రావాలి. బయటి గాయని ఒకామె మధ్యాహ్నం ఓడెక్కి కాగితాల కట్ట ఇస్తుంది, ఒక్క రిహార్సల్, రాత్రికి షో. సిగ్గుపడకుండా ఈ ఏడాదే నేర్చుకో. అమెరికా జాజ్ సంగీతంలో మహామహుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు 1919 నుంచి 1921 దాకా మిసిసిపీ నది స్టీమర్ల మీద ఫేట్ మారబుల్ బ్యాండ్‌లో వాయిస్తూనే నోటేషన్ చదవడం గట్టిపరచుకున్నాడు.

రోజుకు మూడు నాలుగు సెట్లు, ఒక్కోటి 45 నిమిషాలు, నెలల తరబడి. కిటికీ లేని కేబిన్‌లో ఇంకొకడితో పడక. వాయిద్యగాడైనా నువ్వు సిబ్బందివే కాబట్టి ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ ఉంటుంది, అంటే మంటలార్పడం, నీళ్లలో దూకి తేలడం, ప్రథమ చికిత్స. డ్రిల్ రోజున కీబోర్డ్ వదిలేసి లైఫ్ జాకెట్ వేసుకుని జనాన్ని లెక్కపెట్టాలి. పెళ్లి రిసెప్షన్‌లో బిరియానీ అయిపోయాక ఇంటికి పోవచ్చు, ఇక్కడ పోవడానికి ఇల్లు లేదు.

ప్రశ్న: నాకు 62. మావారు పోయి ఆరేళ్లయింది. లండన్‌లో ఉండే మా అమ్మాయి నన్ను క్వీన్ మేరీ 2 అనే ఓడలో న్యూయార్క్ తీసుకెళ్తుందట. అందులో ఒంటరి ఆడవాళ్లను డాన్స్‌కు పిలవడానికి కంపెనీయే మగవాళ్లను పెడుతుందని విన్నాను. వద్దంటే తప్పా? చేస్తే ఊళ్లో ఏమంటారు?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: నిజమే అమ్మా, డాన్స్ హోస్ట్‌లంటారు. మర్యాదస్తులైన పెద్దమనుషులు. ఒకామెతోనే రాత్రంతా ఆడకూడదు, అందరినీ వంతులవారీగా పిలవాలి, డాన్స్ దాటి చనువు తీసుకోకూడదు, అది వాళ్ల ఉద్యోగ నియమం. చేతులు జోడించి నవ్వితే చాలు, తల వంచి పక్క టేబుల్‌కు వెళ్లిపోతారు.

2004 నుంచి తిరుగుతున్న ఆ ఓడలో క్వీన్స్ రూమ్ అని పెద్ద డాన్స్ హాలుంది, సాయంత్రం బ్యాండ్ వాయిస్తుంది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు మామూలుగా ఏడు రాత్రులు, కాబట్టి మొదటి రెండు రాత్రులు ఊరికే చూడండి. అక్కడ వాల్ట్జ్‌కు మూడు లెక్కలు, మొదటిది బరువు, మిగతా రెండూ తేలిక, 'తకిట తకిట' అనుకోండి. మన తీన్‌మార్‌లోని మూడు వేరు, దాంతో కలిపితే ఎదుటివాళ్ల కాలు తొక్కుతారు. జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతాయి, నిలబడి ఊగేవాళ్లు మధ్యలోకి జరగాలి. ఓడ ఊగితే మోకాళ్లు కొంచెం వంచి చిన్న అడుగులు వేయండి, ఒక్కోసారి కాలు పెట్టేలోపే నేల కిందికి జారుతుంది, నా కీబోర్డ్‌నే తాడుతో కట్టిన రోజులున్నాయి. రాత్రిపూట డ్రెస్ నియమం ఉంటుంది, మీ పట్టుచీర దానికి సరిపోతుంది, మడమల దగ్గర అంగుళం పైకి కట్టుకోండి చాలు.

ఊరి సంగతంటారా, ఊరికి చెప్పేది మీరే కదా.

ప్రశ్న: మా దోస్తులం పదిహేను మందిమి నాగార్జునసాగర్ లాంచీలో స్పీకర్ పెట్టి తీన్‌మార్ ఆడుదామనుకుంటున్నాం. ఓడలో ఆడితే లేంది లాంచీలో ఎందుకు ఆడకూడదు?
- హాలియా నుంచి

జవాబు: వద్దు. పెద్ద ఓడ వేల టన్నులుంటుంది, నీళ్ల కింద రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లుంటాయి, వంద మంది ఒక మూలకు ఉరికినా దానికి లెక్కలేదు. లాంచీలో పదిహేను మంది పై అంతస్తులో ఒకే వైపు ఎగిరితే బరువంతా పైకీ పక్కకూ చేరి లాంచీ ఒరుగుతుంది. జాకెట్లు వేసుకుని కూర్చోండి, నాగార్జునకొండ దగ్గర దిగాక మ్యూజియం చూడండి. ఆట మళ్లీ ఒడ్డుకు వచ్చాక.