లాబీలోనే కూర్చుండిపోతున్నాను అక్కా!

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. నాకు 23 ఏళ్లు. ఇంటర్ నుంచి ఫోన్లో గేమ్సే లోకం. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ బ్యాన్ చేసినప్పుడు రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు, మళ్లీ అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చాక అందులో పడ్డాను. ఇప్పుడు మూడు నెలలుగా గేమ్ తెరవడం, ఆట మొదలయ్యే ముందు ఎదురుచూసే లాబీలో పది నిమిషాలు కూర్చోవడం, మూసేయడం, ఇంతే. కలిసి ఆడే మా స్క్వాడ్‌లో ఒకడు ఉద్యోగానికి హైదరాబాద్ పోయాడు, ఇంకొకడికి పెళ్లయింది. ఆడబుద్ధి కావట్లేదు, వేరే ఏం చేయాలో తోచట్లేదు. సాయంత్రం అయ్యిందంటే టెన్షన్. నాకేమైనా అయ్యిందా?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క మాట అడుగుతాను. గేమ్ ఒక్కటే చప్పగా ఉందా, లేక తిండి, నిద్ర, మనుషులు అన్నీ అట్లాగే ఉన్నాయా? అన్నీ అట్లాగే ఉండి రెండు వారాలు దాటితే అది ఆటతో వచ్చిన సమస్య కాదు, 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గేమ్ ఒక్కటే అయితే, నీ ఉత్తరంలోనే జవాబు ఉంది చూడు. దోస్తులు వెళ్లిపోయిన సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు గానీ నాకు అసలు విషయం అదే అనిపించింది. నువ్వు ఇన్నేళ్లూ ఆడింది తుపాకుల కోసం కాదు, రాత్రి పదింటికి హెడ్‌ఫోన్లో వాళ్ల గొంతులు వినడం కోసం. ఆ గొంతులు లేని లాబీలో ఎవరికి మాత్రం కూర్చోబుద్ధి అవుతుంది?

కాబట్టి పొద్దుపోవడానికి ఏదో ఒకటి పట్టుకునే ముందు, ఆటలో నీకు నిజంగా ఏం నచ్చేదో చూసుకో. మనుషులే అయితే పదిమంది కలిసే చోటికే పోవాలి, గ్రౌండ్‌లో పొద్దున షటిల్ ఆడేవాళ్లు కొత్తవాళ్లను కాదనరు. ఎత్తుకు పైఎత్తు వేయడం ఇష్టమైతే చదరంగం ఉంది, 2018లో గ్రాండ్‌మాస్టర్ అయిన అర్జున్ ఎరిగైసి మన వరంగల్ పిల్లగాడే కదా. మ్యాప్‌లో మూలమూలా వెతకడం ఇష్టమైతే నేను గట్టిగా చెప్పేది ఖిలా వరంగల్. చిన్నప్పుడు స్కూల్ వాళ్లు తీసుకుపోతే తోరణం ముందు ఫోటో దిగి వచ్చేశాం, అంతే కదా? ఈసారి మట్టికోట కట్ట మీద నడువు, అక్కడి నుంచి రాతికోట దర్వాజ దాకా రా, లోపలికి వచ్చే దారి నేరుగా కాకుండా ఎందుకు మలుపు తిరుగుతుందో నిలబడి చూడు. దండయాత్రకు వచ్చినవాడు ఆ మలుపులో ఎట్లా చిక్కుకుంటాడో నాకంటే నీకే ముందు అర్థమవుతుంది, ఇన్నేళ్లు ఆడినవాడివి. కథలు ఇష్టమైతే హనుమకొండలోనే 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర భాషానిలయం గ్రంథాలయం ఉంది.

ఒకటి ముందే చెప్తున్నా, మొదటి నెల ఏదైనా బోర్ కొడుతుంది. గేమ్‌లో నిమిషానికో బహుమతి వస్తుంది, లాగిన్ అయితేనే ఏదో ఒకటి చేతిలో పెడతారు, మనసు దానికి అలవాటు పడింది. షటిల్ నెల రోజులు ఆడినా ఎవరూ లెవల్ పెంచరు. నాలుగు వారాలు ఆగకుండా పో, అప్పటికీ నచ్చకపోతే వదిలేసి ఇంకోటి చూడు, తప్పేం లేదు. గేమ్ తీసేయాల్సిన పని కూడా లేదు, నోటిఫికేషన్లు ఆపు చాలు.

ఇంకొకటి, వాళ్లిద్దరికీ ఇవాళే ఫోన్ చెయ్యి. దసరాకు ఊరికి వస్తారు కదా, ముగ్గురూ పొద్దున్నే బండ్లు తీసి రామప్పకు పోయిరండి. పాలంపేట దాకా డెబ్బై కిలోమీటర్ల లోపే ఉంటుంది. 1213 నాటి ఆ గుడి శిఖరం నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారని అక్కడ గైడ్‌ను అడిగితే వివరంగా చెప్తారు. పెళ్లయినవాడు రానంటే భార్యను కూడా తీసుకురమ్మను.