లిస్టులను సైజును బట్టి పేర్చాలంటే...

ప్రశ్న: ట్యూషన్ సెంటర్ కోసం పైథాన్‌లో ఒక డిక్షనరీ రాసుకున్నాను. ఊరి పేరు కీ, ఆ ఊరి పిల్లల పేర్ల లిస్టు దాని వాల్యూ. గుణుపురం నుంచి ఏడుగురు, కాశీనగర్ నుంచి ముగ్గురు, పర్లాకిమిడి నుంచి ఐదుగురు వస్తారు. తక్కువ మంది ఉన్న ఊరు ముందు రావాలని సార్టెడ్‌కి (వరుసలో పేర్చే ఫంక్షన్) డిక్షనరీ ఇచ్చి కీ=లెన్ (పొడవును బట్టి పేర్చమని) పెట్టాను. ఎర్రర్ లేదు గానీ, నేను రాసిన వరుసలోనే ఊళ్ల పేర్లు మాత్రం వస్తున్నాయి. పిల్లల లిస్టులు కనిపించడం లేదు.
- ఒక డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: సార్టెడ్‌కి డిక్షనరీని నేరుగా ఇస్తే అది కీలనే తీసుకుంటుంది, వాల్యూల జోలికి పోదు. అంటే మీ లెన్ కొలిచింది పిల్లలను కాదు, ఊరి పేరు పొడవును. తెలుగులో గుణింతం గుర్తు, సున్నా, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. గుణుపురం మన కంటికి నాలుగు అక్షరాలే అయినా పైథాన్‌కి 8. కాశీనగర్ కూడా 8, పర్లాకిమిడి 11. సమానంగా ఉన్నవాటిని పైథాన్ ఇచ్చిన వరుసలోనే ఉంచుతుంది కాబట్టి ఏమీ మారనట్టు కనిపించింది. ఎర్రర్ రాని తప్పు పట్టుకోవడమే కష్టం. మీరు ఫలితాన్ని అనుమానించి మంచి పని చేశారు.

ఇలా రాయండి (టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో):

సార్టెడ్(ఊళ్లు.ఐటమ్స్(), కీ=లాంబ్డా జ: లెన్(జ[1]))

లాంబ్డా అంటే అక్కడికక్కడే రాసుకునే చిన్న ఫంక్షన్, జ అంటే ఒక జత. ఐటమ్స్ ఇచ్చే ప్రతి జతలో 0వది ఊరు, 1వది లిస్టు. ఇప్పుడు కాశీనగర్, పర్లాకిమిడి, గుణుపురం అని వస్తాయి. ఫలితం జతల లిస్టు. మళ్లీ డిక్షనరీ కావాలంటే మొత్తాన్ని డిక్ట్‌లో పెట్టండి. పైథాన్ 3.7 నుంచి ఆ వరుస చెదరదు.

ఎక్కువ మంది ఉన్న ఊరు ముందు కావాలంటే రివర్స్=ట్రూ చేర్చండి. సార్ట్ అయ్యాక లిస్టును తిరగేస్తే మాత్రం సమాన సంఖ్య ఉన్న ఊళ్లు కూడా తలకిందులవుతాయి. అలాంటి ఊళ్లు పేర్ల వరుసలో రావాలనుకుంటే లాంబ్డా జ: తర్వాత (-లెన్(జ[1]), జ[0]) ఇవ్వండి, అప్పుడు రివర్స్ అక్కర్లేదు.

ఇదే పని జావాస్క్రిప్ట్‌లో చేయాల్సి వస్తే పోలిక ఫంక్షన్‌లో 'ఎ.లెంగ్త్ > బి.లెంగ్త్' అని రాయకండి. దాని జవాబు ట్రూ లేదా ఫాల్స్, అంటే 1 లేదా 0. 'ఎ ముందు రావాలి' అని చెప్పే మైనస్ సంఖ్య ఎప్పటికీ రాదు, వరుస తప్పొచ్చు. 'ఎ.లెంగ్త్ - బి.లెంగ్త్' అని తీసివేత రాయాలి. అక్కడి సార్ట్ అసలు అర్రేనే (జావాస్క్రిప్ట్‌లో లిస్టు లాంటిది) మార్చేస్తుంది, పాత వరుసతో పని ఉంటే ముందే కాపీ తీసుకోండి.